చత్వారం, కొలిమి, తుపాకి

‘చత్వారం’ అన్న మాటలోనే వయసుంది. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. ఆ వయసు దాటాక కంట్లోని కటకం బిరుసెక్కి దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. దానికి విరుగుడు బైఫోకల్ అద్దాలని అందరికీ తెలుసు. అవి ఎలాంటి మనిషి కోసం పుట్టాయన్నదే నా ఆసక్తి.

1785 మే 23న పారిస్ శివారు పాసీ నుంచి బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన మిత్రుడు జార్జ్ వాట్లీకి ఒక ఉత్తరం రాశాడు. రెండు రకాల అద్దాలని సగానికి కోయించి, ఒకే వలయంలో పైనొకటి, కిందొకటి బిగించుకున్నానన్నాడు. భోజనాల దగ్గర పళ్ళెంలో ఏముందో తెలుస్తోంది, ఎదుటివాళ్ళ ముఖమూ కనిపిస్తోంది. ముఖకవళికలు చూస్తుంటే వాళ్ళ ఫ్రెంచి ఇంకా బాగా అర్థమవుతోందట! ఈ ఆలోచన ముందుగా ఆయనదేనా అన్న వాదన ఇంకా ఉంది, అది వదిలేద్దాం. అమరిక చూడండి: పైన దూరం, కింద దగ్గర. ఇది కూర్చుని తినేవాడి చూపు, చదువుకునేవాడి చూపు.

పనివాళ్ళ కళ్ళ కథ వేరే దారిలో నడిచింది. 1880లో అలబామాకి చెందిన పావెల్ జాన్సన్ అనే నల్లజాతీయుడు, కొలిమి పనివాళ్ళ కళ్ళని తీవ్రమైన వెలుగు నుంచి కాపాడే సాధనానికి పేటెంటు పొందాడు. ఫ్రాన్సులో ఎదువార్ బెనెడిక్టస్ పగిలినా చెదిరిపోని పొరల గాజు తయారుచేశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో అది గ్యాస్ మాస్కుల్లోకి వెళ్ళింది. వీటి పని కంటిని కాపాడటం వరకే. చత్వారమొచ్చిన కార్మికుడు పవర్ అద్దాల మీద గాగుల్స్ తగిలించుకోవాలి, లేదా ఏదో ఒకటి తీసి పక్కన పెట్టాలి. తీసేది ఏదో ఊహించడం కష్టం కాదు.

ఈ రెండు దారులు బాగా దగ్గరైంది ప్లాస్టిక్ వల్ల. 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో డేనియల్ ఫాక్స్ ఎవరికి వారే పాలీకార్బొనేట్‌ని కనుక్కున్నారు. తేలిగ్గా ఉంటుంది, దెబ్బకి ఓర్చుకుంటుంది, ముఖానికి చుట్టుకునేలా పోతపోయొచ్చు. పవర్ కూడా అందులోనే ఇమిడిపోతుంది.

సోకు సంగతేమిటంటారా? 1938 నాటికే రేబాన్ ‘షూటర్’ పేరుతో ఒక మోడల్ తెచ్చింది. ముక్కు మీద రెండు అద్దాల మధ్య చిన్న రింగు. గురిచూసేటప్పుడు సిగరెట్టు పెట్టుకోడానికని చెబుతారు. కంటికి రక్షణ కూడా ఫ్యాషనేనని వేటగాళ్ళకి ముందే తెలిసింది. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. అందంగా లేదని జేబులో పడుండే అద్దం ఏ కంటినీ కాపాడదు.

అయినా ఫ్రాంక్లిన్ అమరిక మాత్రం చాలా అద్దాల్లో అలాగే ఉండిపోయింది. పిస్టల్ పట్టినవాడికి దగ్గరి వస్తువు పళ్ళెంలా కింద ఉండదు. తుపాకి కొసనుండే గురిముల్లు చేయి చాచినంత దూరంలో, కళ్ళకెదురుగా ఉంటుంది. దాన్ని కింది ముక్కలోంచి చూడాలంటే తల వెనక్కి వాల్చాలి, గురి తప్పుతుంది. కప్పుకి వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్‌కి దగ్గరి వస్తువు నెత్తిమీదే ఉంటుంది. అందుకే దగ్గరి పవర్ పైభాగంలో ఉండేవీ, పైనా కిందా రెండుచోట్లా ఉండేవీ తయారయ్యాయి.

ఇప్పుడు కొనేవాళ్ళు ఫ్రేము కన్నా ముందు చూడాల్సినవి రెండు. ఒకటి, ‘జెడ్87+’ ముద్ర: పావు అంగుళం ఉక్కు గుండు సెకనుకి 150 అడుగుల వేగంతో తగిలినా తట్టుకోవాలన్నది ఆ అమెరికన్ ప్రమాణం. రెండోది, గీత ఎక్కడుండాలన్నది. పని చేసేటప్పుడు తల ఎలా పెడతారో, చెయ్యి ఎంత దూరంలో ఉంటుందో కొలిచి కళ్ళ డాక్టరుకి చెప్పాలి. ఆ కొలత మీ పనిది కావాలి, 1785 నాటి భోజనాల బల్లది కాదు.