మన వీధిలో వాళ్ల పండగ

వాట్సన్ పదో బంతి కూడా ఆడేశాడు. పరుగు లేదు.

గిద్దలూరు రాచర్ల గేటు సెంటర్లో కూల్‌డ్రింకుల షాపు ముందు గుమిగూడిన జనంలో సగం మంది లేచి ఈలలు వేస్తున్నారు. మిగతా సగం, పసుపు చొక్కాల సగం, నోరు మెదపడం లేదు. 2018 మే 27, ఆదివారం. రాత్రి తొమ్మిది దాటింది. రోహిణి కార్తె వచ్చి రెండు రోజులయింది. పగలంతా కాలిన సిమెంటు అరుగు ఇంకా చల్లబడలేదు, కూర్చుంటే లుంగీలోంచి వేడి తగులుతోంది. షాపాయన టీవీని రోడ్డు వైపు తిప్పి పెట్టాడు. నంద్యాల వైపు పోయే లారీ వెళ్లిన ప్రతిసారీ దాని లైట్లు తెర మీద పడి రెండు క్షణాలు బంతి కనిపించదు. అప్పుడు అందరం ఒకేసారి తిట్టుకుంటాం. ఈ ఒక్క విషయంలో రెండు పక్షాలకూ తేడా లేదు.

ముంబయి వాంఖడేలో ఐపీఎల్ ఫైనల్. హైదరాబాద్ 178 కొట్టింది. విలియమ్సన్ 47, యూసుఫ్ పఠాన్ చివరిదాకా నిలిచి 45. ఇప్పుడు చెన్నై వంతు. మొదటి ఓవర్ వాట్సన్‌కి భువనేశ్వర్ మెయిడిన్ వేశాడు. నాలుగో ఓవర్లో సందీప్ శర్మ తన బంతికి తనే క్యాచ్ పట్టి డుప్లెసిని పంపాడు. అరుగు మీద నా పక్కన కూర్చున్న పాల వ్యాను అన్న నా తొడ మీద ఒక్కటి చరిచి, "ఈసారి మనదేబ్బా" అన్నాడు.

ఆ 'మనది' అనే మాట వెనక చాలా ఉంది. ఆంధ్రకు ఐపీఎల్‌లో జట్టు లేదు. రాష్ట్రం విడిపోయి నాలుగేళ్లయింది. అయినా గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట, కొమరోలు పిల్లలు చదువుకీ కోచింగుకీ ఎక్కేది హైదరాబాదు బస్సే. ప్రతి వీధిలో ఒకరిద్దరు అక్కడ ఉద్యోగాల్లో ఉన్నారు. కాబట్టి హైదరాబాదు మనది, సన్‌రైజర్స్ మనది. ఇది ఎవరూ కూర్చుని ఆలోచించి తీసుకున్న నిర్ణయం కాదు.

మరి ఈ పసుపు చొక్కాలు ఎక్కడివి? గిద్దలూరుకీ చెన్నైకీ చుట్టరికం ఏమిటి? సమాధానం ఒక్కటే, చెన్నై కెప్టెన్ ధోని. అతను 2005 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మీద 148 కొట్టింది మన విశాఖపట్నంలోనే. ఆ ఇన్నింగ్స్ చూసినవాళ్లు, చూసినట్టు చెప్పుకున్నవాళ్లు, వాళ్లను చూసి నేర్చుకున్న పిల్లలు, అందరూ అప్పట్నుంచి అతని మనుషులే. అతను ఏ జట్టులో ఉంటే ఆ జట్టు వాళ్లది. నా సొంత బామ్మర్ది ఇప్పుడు నాకు ఎదురుగా, బైకు సీటు మీద పసుపు జెర్సీలో కూర్చుని ఉన్నాడు.

చెన్నై అంటే మాకెందుకు పడదో చెప్పాలి. బెట్టింగ్ వ్యవహారంలో నిషేధం పడి 2016, 2017ల్లో ఆ జట్టు ఆడలేదు. ఆ రెండేళ్లలో మొదటి ఏడాదే మేం కప్పు కొట్టాం. 2016 మే 29న బెంగళూరు వాళ్ల సొంత మైదానంలో, వాళ్ల మీదే, 8 పరుగుల తేడాతో. అలాంటిది చెన్నై తిరిగొచ్చిన సంవత్సరమే మాకు అడుగడుగునా అడ్డం పడింది. ఏప్రిల్ 22న హైదరాబాదులో 4 పరుగులతో గెలిచింది. మే 13న పుణెలో 8 వికెట్లతో గెలిచింది. మే 22న మొదటి క్వాలిఫైయర్‌లో మేం చేసింది 139 అయినా, వాళ్లు ఓడిపోవాల్సిన ఆటను డుప్లెసి ఒక్కడే నిలబడి 2 వికెట్ల తేడాతో లాగేసుకున్నాడు. ఒక్క ఏడాదిలో మూడుసార్లు. మేం కోల్‌కతా వెళ్లి, రషీద్ ఖాన్ 10 బంతుల్లో 34 కొట్టి మూడు వికెట్లు తీస్తేగానీ ఈ ఫైనల్‌కి రాలేదు. బంతి గీకిన గొడవలో వార్నర్ ఆ ఏడాది ఆటకే దూరమైతే, జట్టును విలియమ్సన్ ఇంతదూరం నడిపించాడు. ఇంత కష్టపడి వచ్చాక ఎదురైంది మళ్లీ వాళ్లే.

పదకొండో బంతికి గానీ వాట్సన్ మొదటి పరుగు తీయలేకపోయాడు. పసుపు పక్షం చప్పట్లు కొట్టింది. మాకు నవ్వొచ్చింది.

పవర్‌ప్లే అయిపోతుండగా సందీప్ బౌలింగ్‌లో ఒక ఫోర్ పోయింది. తర్వాత సిక్స్. సిద్ధార్థ్ కౌల్ వచ్చాడు, అతనికీ అదే మర్యాద. భువనేశ్వర్, రషీద్ వేస్తున్నప్పుడు వాట్సన్ ఒద్దికగా ఆడుతున్నాడు, వాళ్లు పోగానే బాదుతున్నాడు. అది ఇక్కడ అరుగు మీద కూర్చున్న మాకే తెలిసిపోతోంది. "రషీద్‌కి ఇయ్యండ్రా, రషీద్‌కి ఇయ్యండి" అని పాల వ్యాను అన్న టీవీకి చెబుతున్నాడు. అంతలో తరావీహ్ నమాజు ముగించుకుని నలుగురైదుగురు కుర్రాళ్లు తెల్ల టోపీలతో వచ్చారు. రంజాన్ నెల. "స్కోరెంతన్నా?" అని అడిగారు. చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. తెర వైపు వేలు చూపించాం.

పదమూడో ఓవర్ సందీప్ శర్మకి ఇచ్చారు.

ఫోర్. సరే అనుకున్నాం. సిక్స్. బామ్మర్ది బైకు మీద నుంచి దిగాడు. మళ్లీ సిక్స్. షాపాయన కౌంటరు వదిలి బయటికి వచ్చాడు. మూడో సిక్స్. ఎవడో వెనక నుంచి పళ్లెం మోగించడం మొదలెట్టాడు. ఒక వైడ్. ఇంకో ఫోర్. ఓవర్ ముగిసేసరికి 27 పరుగులు. బౌలరు తల దించుకుని నడుస్తుంటే కెమెరా అతని ముఖం మీదే నిలబడింది. ఆ ముఖాన్ని నేను చూడలేకపోయాను. రోడ్డు అవతల మూసిన మందుల షాపు షట్టరు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆట అక్కడే పోయింది. ఓడిపోతున్నామని తెలిశాక కూడా ఐదారు ఓవర్లు కూర్చోవడం ఎంత నరకమో జట్టును ప్రేమించినవాళ్లకే తెలుస్తుంది. లేచి వెళ్లిపోతే పారిపోయినట్టు. కూర్చుంటే ప్రతి బంతికీ అవతలివాళ్ల కేక చెవిలో పడుతుంది. మన ఓటమి బాధ ఒక ఎత్తు. వాళ్ల ఆనందాన్ని కళ్లెదుట భరించడం వేరే బాధ, అది ఇంకా ఎక్కువ. ఇదే ఫైనల్ ఏ పంజాబుతోనో ఓడిపోయి ఉంటే అన్నం తిని పడుకునేవాళ్లం.

రైనా అవుటయ్యాడు. మాకు కేక వేసే ఓపిక లేదు. అప్పుడు రాయుడు దిగాడు.

ఇక్కడ నా కడుపులో ఏదో మెలిపెట్టింది. అంబటి రాయుడు గుంటూరులో పుట్టినవాడు. గిద్దలూరు స్టేషన్లో రైలెక్కితే నేరుగా దిగే ఊరు. ఆ ఏడాది ఏప్రిల్లో హైదరాబాదు మైదానంలో మా బౌలర్లను 37 బంతుల్లో 79 కొట్టింది అతనే. పుణెలో సెంచరీ కొట్టి అవుట్ కాకుండా నిలిచిందీ అతనే. సీజన్ మొత్తం మీద 602 పరుగులు. వేరే ఎవరైనా అయితే మనసారా తిట్టుకునేవాణ్ణి. వీణ్ణి తిట్టబోతే నోరు రావడం లేదు. చూస్తే ఒళ్లు మండుతోంది, లోపల ఎక్కడో గర్వం కూడా ఉంది. రెండూ కలిసి నన్ను ఉక్కిరిబిక్కిరి చేశాయి.

వాట్సన్ 51 బంతుల్లో సెంచరీ చేశాడు. పందొమ్మిదో ఓవర్ మూడో బంతికి అంతా ముగిసింది. వాట్సన్ 117, రాయుడు 16, ఇద్దరూ నాటౌట్. మొదటి పది బంతులకు ఒక్క పరుగూ తీయనివాడు 8 సిక్సర్లు, 11 ఫోర్లు కొట్టాడు. భువనేశ్వర్ 4 ఓవర్లకు 17, రషీద్ 4 ఓవర్లకు 24 ఇచ్చారు. ఆ ఇద్దరి వరకూ చూస్తే గెలిచింది మేమే.

సెంటర్లో టపాసులు మొదలయ్యాయి. దీపావళికి మిగిలినవి ఎవరో దాచి ఉంచారు. బైకులు సైలెన్సర్లు తీసేసినంత మోతతో గుండ్రంగా తిరుగుతున్నాయి. గిద్దలూరు నడిబొడ్డున, మన వీధిలో, మన పిల్లలు, మనల్ని ఓడించిన జట్టు కోసం ఎగురుతున్నారు. చెన్నైలో ఎగిరితే నాకేమీ అనిపించదు. అది వాళ్ల ఊరు, వాళ్ల జట్టు. ఇక్కడ ఎగురుతుంటేనే గుండె కోసినట్టుంది.

బామ్మర్ది నా దగ్గరికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "ఏం బావా, అన్నం తిన్యావా?" అన్నాడు.

"పోరా. ఆట మాకు తెలుసులే. మద్రాసోళ్ల కోసం నువ్వు గంతులేస్తాండావు, సిగ్గుండాల" అన్నాను.

వాడు నవ్వలేదు. "మద్రాసోళ్లా? ఒక మాట చెప్పు బావా. ఈరోజు మీ పదకొండు మందిలో తెలుగోణ్ణి ఒక్కణ్ణి చూపీ. మా దాంట్లో రాయుడుండాడు, గుంటూరోడు."

పాల వ్యాను అన్న నా వైపు చూశాడు. నేను వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాను. ధావన్, గోస్వామి, విలియమ్సన్, పాండే లేడు, షకీబ్, పఠాన్, హుడా, బ్రాత్‌వైట్, రషీద్, భువనేశ్వర్, కౌల్, సందీప్. ఒక్కడూ లేడు. జట్టు జాబితాలో ఉన్న ఆంధ్ర, హైదరాబాదు కుర్రాళ్లు ఆ రోజు డగౌట్ దాటి రాలేదు. ఆ రాత్రి వాంఖడే గడ్డ మీద ఆడిన ఒకే ఒక్క తెలుగువాడు పసుపు చొక్కాలో ఉన్నాడు. బామ్మర్దికి నేను జవాబు చెప్పలేదు. చెప్పడానికి లేదు.

ఆ తర్వాత అదే బాధ రకరకాల రంగుల్లో వచ్చింది. 2019 ఫైనల్ మన ఉప్పల్‌లోనే జరిగింది, ఆడింది మాత్రం ముంబయి, చెన్నై. మన గడ్డ మీద ముంబయి ఒక్క పరుగుతో కప్పు ఎత్తింది. 2023లో అహ్మదాబాదు ఫైనల్ వానకు మరుసటి రోజుకు జరిగి, అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర అయ్యాక జడేజా చివరి రెండు బంతులకు సిక్స్, ఫోర్ కొట్టి చెన్నైకి ఐదో కప్పు ఇచ్చాడు. అదే రాయుడి చివరి మ్యాచ్. 8 బంతుల్లో 19 కొట్టాడు. కప్పు అందుకోవడానికి ధోని అతన్నీ జడేజానూ ముందుకు పిలిచాడు. మూడు ముంబయితో, మూడు చెన్నైతో, మొత్తం ఆరు కప్పులు మన గుంటూరు మనిషివి. ఒక్కటీ మనతో కాదు.

2024 వేరే కోత. ఆ ఏడాది మేం బెంగళూరు మీద 287 కొట్టిన జట్టు. లక్నో మీద 166 పరుగులను వికెట్ పోకుండా 9.4 ఓవర్లలో ఊదేసిన జట్టు. మే 26న చెన్నైలో ఫైనల్. ఓట్లు వేసేసి జూన్ 4 లెక్కింపు కోసం ఊరంతా గోళ్లు కొరుక్కుంటున్న రోజులు. టీకొట్లలో ఆ చర్చ ఆపించి టీవీ పెట్టించాం. స్టార్క్ మొదటి ఓవర్లోనే అభిషేక్ స్టంపు లేపేశాడు. హెడ్ మొదటి బంతికే వెళ్లాడు. 113కి ఆలౌట్, ఐపీఎల్ ఫైనల్లో ఇంత తక్కువ ఎవరూ చేయలేదు. కోల్‌కతా 10.3 ఓవర్లలో ముగించింది. ఆ పదకొండు మందిలో ఒక్క తెలుగు కుర్రాడున్నాడు, విశాఖ నితీశ్ కుమార్ రెడ్డి. 13 కొట్టి అవుటయ్యాడు. ఓడిపోయినా ఆ రాత్రి మా వీధిలో పిల్లలు అతని పేరు పలికారు.

2025 జూన్ 3న పద్దెనిమిదో సీజన్లో తొలిసారి బెంగళూరు గెలిచినప్పుడు పని కోసం అక్కడికి వెళ్లిన మన పిల్లలు ఎర్ర చొక్కాల ఫొటోలు ఊరికి పంపారు. వాళ్లను తప్పుపట్టను. కూడు పెట్టిన ఊరి జట్టును ఇష్టపడటంలో తప్పేముంది?

కానీ మన దగ్గరే ఉండి పసుపు, నీలం చొక్కాలు వేసుకునేవాళ్ల మాటేమిటి? వాళ్లను ద్రోహులంటే సరిపోదు. మనం కారణం చూడాలి. సిరాజ్ హైదరాబాదు కుర్రాడు, మన జట్టులో 2017లో ఆడి మరుసటి ఏడాది బెంగళూరుకు పోయాడు, ఏడేళ్లు అక్కడే పెరిగి పేరు తెచ్చుకున్నాడు. తిలక్ వర్మ హైదరాబాదు కుర్రాడు, ముంబయికి ఆడుతున్నాడు. పిల్లవాడు టీవీలో తనలాంటివాణ్ణి వెతుక్కుంటాడు. వాడు ఏ చొక్కాలో కనబడితే ఆ చొక్కా కొనిపించుకుంటాడు.

2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో, సన్‌రైజర్స్ కంటే ముందు హైదరాబాదు జట్టుగా ఉన్న డెక్కన్ ఛార్జర్స్ బెంగళూరును 6 పరుగులతో ఓడించి కప్పు కొట్టింది. అంతకు ముందు ఏడాది అదే జట్టు అట్టడుగున ఉంది. ఆ ఫైనల్లో ఆడినవాళ్లలో విశాఖ వేణుగోపాలరావు ఉన్నాడు, హైదరాబాదు సుమన్ ఉన్నాడు, అప్పట్లో హైదరాబాదుకు ఆడే ప్రజ్ఞాన్ ఓఝా ఉండి మూడు వికెట్లు తీశాడు. మన పిల్లలతో కప్పులు రావని ఎవరైనా అంటే ఆ స్కోరుకార్డు తీసి చూడమనండి.

సన్‌రైజర్స్ యాజమాన్యానికి గిద్దలూరు నుంచి ఒక అభిమాని మనవి. మీ సెలెక్షన్ వాళ్లను ఒకసారి ఒంగోలు దాటించి మార్కాపురం, కంభం, గిద్దలూరు పంపండి. ఎండిన చెరువుల్లో, కాలేజీ మైదానాల్లో టెన్నిస్ బంతితో గంటకు ఎంత వేగంతో వేస్తున్నారో మా పిల్లల్ని చూడండి. తీసుకున్నవాళ్లను డగౌట్‌లో కూర్చోబెట్టకండి, ఆడించండి. 2009 ఫైనల్లో ముగ్గురున్నారు. 2016లో, 2018లో ఒక్కడూ లేడు. 2024లో ఒక్కడున్నాడు. ఈసారి ఫైనల్‌కి వెళ్లినప్పుడు మళ్లీ ముగ్గురిని దింపండి.