రంగు ప్యాకెట్ మీది చిన్న అక్షరాలు

తల నెరవడం మొదలైన ఇంట్లో వాదన దాదాపు ఒకేలా సాగుతుంది. కెమికల్ జోలికి పోవద్దు, గోరింటాకు పెట్టుకోమని ఒకరంటారు. ఆ ఎర్ర జుట్టు ఏం బాగుంటుంది, చిన్న ప్యాకెట్టు అరగంటలో పని తేల్చేస్తుంది కదా అని ఇంకొకరంటారు. జడ నడుము దాకా ఉన్నవాళ్లకు ఈ తగువు మరీ పెద్దది, పాడైతే పోయేది ఏళ్ల తరబడి పెంచుకున్న జుట్టు. గొంతులు వేరైనా ఇద్దరి నమ్మకం ఒకటే: ఆకుతో చేసిన పాతది క్షేమం, ఫ్యాక్టరీలో చేసిన కొత్తది ప్రమాదం. జుట్టు రంగుల చరిత్ర తిరగేస్తే ఈ నమ్మకం నిలవదు. పాతవాటిలో విషాలున్నాయి, కొత్తవాటిలో తెలిసి వాడుకోదగ్గవీ ఉన్నాయి. చరిత్ర మనల్ని అడగమనే ప్రశ్న వేరే ఉంది: ఇందులో ఏముంది, ఆ సంగతి కొనేవాళ్లకు ఎవరైనా చెప్పారా?

రంగు వేసుకోవడం సినిమాల కాలంలో పుట్టిన సోకు అనుకునేవాళ్లు ముందు వరాహమిహిరుణ్ణి చూడాలి. ఆరో శతాబ్దపు ఆ జ్యోతిష్కుడు బృహత్సంహితలో సుగంధాల అధ్యాయాన్ని తెల్ల వెంట్రుకలతోనే మొదలుపెట్టాడు. తల తెల్లబడ్డవాడికి పూలూ బట్టలూ నగలూ శోభించవని ఆయన అభిప్రాయం. పద్ధతి కూడా చెప్పాడు. అరికలను పుల్లని ద్రవంలో, ఇనుప రజనుతో కలిపి, ఇనుప పాత్రలో ఉడికించాలి. మెత్తగా నూరి తలకు పట్టించి పచ్చి ఆకులతో కప్పాలి. రెండు జాముల తర్వాత అది తీసేసి, ఉసిరి ముద్ద పెట్టి మరో రెండు జాములు ఉంచాలి. మొత్తం పన్నెండు గంటలు. ఆ తర్వాత ఇనుము, పులుపు వాసన పోగొట్టే స్నానం గురించి కూడా చెప్పడం మరిచిపోలేదు. ఇవాళ ఇనప మూకుట్లో గోరింటాకు పొడి, ఉసిరి పొడి, టీ డికాక్షన్ కలిపి రాత్రంతా నానబెట్టే ఇంటి పద్ధతి నడిచేది కూడా ఈ రసాయన శాస్త్రం మీదే. ఉసిరిలో, టీలో ఉన్న వగరు పదార్థం ఇనుముతో కలిస్తే నలుపు పుడుతుంది. పాతకాలపు రాత సిరా తయారైంది ఈ చర్యతోనే. కాబట్టి కెమికల్ లేని రంగు అనేది ఎప్పుడూ లేదు.

పాతదంతా ఇంత నిరపాయమైనదీ కాదు. గ్రీకు, రోమన్ లోకంలో జుట్టు నల్లబరచడానికి సున్నం, సీసపు భస్మం కలిపిన ముద్ద పెట్టేవాళ్లు. సీసం జుట్టులోని గంధకంతో కలిసి వెంట్రుక లోపలే అతి సూక్ష్మమైన నల్లని స్ఫటికాలుగా మారుతుందని 2006లో ఫ్రెంచి పరిశోధకులు చూపించారు. చూడటానికి అద్భుతమే, కానీ సీసం సీసమే. మెల్లగా నలుపెక్కించే సీసపు ద్రావణాలు ఆధునిక కాలంలోనూ అమ్ముడయ్యాయి. అమెరికాలో వాటి అనుమతిని రద్దు చేస్తున్నట్టు అక్కడి నియంత్రణ సంస్థ ప్రకటించింది 2018లో.

మన దగ్గరి ముఖ్యమైన జంట గోరింటాకు, నీలి ఆకు. గోరింటాకు ఒక్కటే పెడితే తెల్ల వెంట్రుక నారింజ ఎరుపుకు తిరుగుతుంది. దాని మీద నీలి ఆకు పొడి పట్టిస్తే నలుపుకు దగ్గరవుతుంది. ఆ నీలి ఒకప్పుడు రాయలసీమ, నెల్లూరు పొలాల్లో విరివిగా పండేది. కడప సరుకుకు విదేశీ వ్యాపారంలో ‘కుర్పా’ అని విడిగా పేరే ఉండేది. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్‌ఎఫ్ కృత్రిమ నీలిని మార్కెట్లోకి తెచ్చాక ఆ సాగు కుప్పకూలింది. విచిత్రమేమిటంటే, కృత్రిమ రంగుల పరిశ్రమకు మూలమైన అనిలీన్‌ను 1826లో మొదటిసారి రాబట్టింది నీలిమందును స్వేదనం చేసే. తర్వాత అదే పదార్థం బొగ్గు తారు నుంచి చవగ్గా రావడం మొదలైంది. 1856లో రసాయన శాస్త్రవేత్త పెర్కిన్ కనిపెట్టిన ఊదా రంగుతో తారు రంగుల యుగం ఆరంభమైంది. ఈ కుటుంబంలోదే పారాఫినైలీన్ డయామీన్, పొట్టిగా పీపీడీ. దీని అణువులు చిన్నవి, రంగు లేనివి; వెంట్రుకలోకి దూరి, హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలాక పెద్ద రంగు అణువులుగా మారి అక్కడే చిక్కుకుంటాయి. పన్నెండు గంటల పని అరగంటకు దిగింది ఇందువల్లే. వెంట్రుకలోకి దూరగల అణువు చర్మంలోకీ దూరగలదు. చిక్కంతా అక్కడే.

ఆ చిక్కు 1933లో అమెరికాలో బయటపడింది. ‘లాష్ లూర్’ అనే కనురెప్పల రంగు వాడిన స్త్రీలకు కళ్లు పుండ్లు పడ్డాయి, చూపు పోయింది, ఒకామె ప్రాణమే పోయింది. అందులో ఉన్నది పీపీడీ జాతి రంగు. అప్పటి 1906 చట్టానికి సౌందర్య సాధనాల మీద అధికారమే లేదు, కాబట్టి ప్రభుత్వం ఆ సరుకును ఆపలేకపోయింది. 1938లో కొత్త చట్టం వచ్చింది, కానీ ఒక మెలికతో. తారు నుంచి తీసిన జుట్టు రంగులు హానికరమైనా నిషేధం వర్తించదు. డబ్బా మీద హెచ్చరిక ఉంటే చాలు. చర్మానికి పడకపోవచ్చు, ముందు పరీక్షించుకోండి; కనుబొమలకు, రెప్పలకు వాడకండి, చూపు పోవచ్చు అన్నదే ఆ హెచ్చరిక. మన దేశపు నియమాల్లో పీపీడీ ఉన్న రంగులకు తప్పనిసరి చేసిన హెచ్చరిక దాదాపు మాటకు మాట ఇదే. పరీక్ష ఎలా చేసుకోవాలో ఇంగ్లీషులోనూ స్థానిక భాషల్లోనూ ప్యాకెట్లో ఉండాలని కూడా ఆ నియమాలు అన్నాయి. అంటే మనం చింపి పారేసే కాగితం ఒక రాజీ పత్రం. సరుకు అమ్ముకోవచ్చు, జాగ్రత్త మాత్రం కొన్నవాళ్లదే అన్న రాజీ. అది న్యాయమైన ఏర్పాటని నేననను. ఉన్న ఏర్పాటు అదే అయినప్పుడు చదవకపోవడం వల్ల నష్టం మనకే.

ఇరవై ఏళ్లుగా వేసుకుంటున్నాం, ఏమీ కాలేదు అనే మాట బలమైనదిగా కనిపిస్తుంది. కానీ అలర్జీ మొదటిరోజే రానక్కర్లేదు. ఒంటికి ఆ పదార్థం మీద పగ పుట్టడానికి ఏళ్లు పట్టవచ్చు, ఒకసారి పుట్టాక సామాన్యంగా పోదు. పరీక్ష ప్రతిసారీ చేయాలనడం అందుకే. క్యాన్సర్ భయం విషయంలో మాత్రం సాక్ష్యం అంత సూటిగా లేదు. 1975లో అమెరికన్ శాస్త్రవేత్త బ్రూస్ ఏమ్స్ బృందం బజారు రంగుల్లో చాలావాటికి బాక్టీరియాలో జన్యుమార్పులు తెచ్చే గుణం ఉందని చూపించింది. ఆ తర్వాత కొన్ని పదార్థాలను తీసేశారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో ప్రచురించిన నివేదిక, రోజూ రంగులతో మెలిగే క్షౌరవృత్తిలో క్యాన్సర్ ముప్పు ఉండే అవకాశం ఎక్కువేనంది. సొంతానికి వేసుకునేవారి విషయంలో తేల్చడానికి సాక్ష్యం చాలదంది. సెలూన్‌లో చేతి తొడుగులు అడగాల్సింది ముందు పనివాళ్లే. ఇక పన్నెండు గంటల తీరిక ఎవరికుంది అనేది నిజమైన అభ్యంతరం. ఆ తీరిక లేకే బ్లాక్ హెన్నా వచ్చింది. గోరింటాకు తనంతట తాను నలుపు ఇవ్వదు. హెన్నా పేరుతో ఉన్న పొడి గంటలోపే కాటుక నలుపు ఇచ్చిందంటే అందులో పీపీడీ కలిసి ఉందని అనుమానించాల్సిందే. పీపీడీ అని బాహాటంగా రాసిన డబ్బా దీనికంటే నయం.

పొడుగు జుట్టుకు ఇంకొక లెక్క ఉంది. వెంట్రుక నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. ఎనభై సెంటీమీటర్ల జడ కొసకు ఆరేళ్లు దాటి ఉంటుంది. నెలకోసారి జడంతా ముంచితే ఆ కొస డెబ్బై ఎనభై సార్లు పెరాక్సైడ్ తిన్నట్టు. కొసలు పీచులా తెగిపోవడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు. మొదళ్ల దగ్గర కొత్తగా వచ్చిన తెలుపుకే రంగు వేసి, పాత పొడుగును వదిలేస్తే చాలా నష్టం తప్పుతుంది. అసలు వేసుకోకపోవడం కూడా చక్కటి నిర్ణయమే, వరాహమిహిరుడు ఏమన్నా సరే. వేసుకుంటే మాత్రం ముందురోజే చెవి వెనక చిన్న చుక్క పెట్టి ఇరవై నాలుగు గంటలు చూడండి. దురదో వాపో వస్తే ఆ ప్యాకెట్ పారేయండి. పదార్థాల పట్టికే లేని పొడి, అది ఆకుపచ్చ ప్యాకెట్లో వచ్చినా, కొనకండి.