కాల్చడానికి చేసిన బొమ్మలు

మెక్సికో నగరంలో మెర్సెద్ బాల్బుయెనా అని ఒక పాతపేట. సంతలు, చేతిపనులవాళ్లు ఉండే పేదపేట. అక్కడి లినారెస్ కుటుంబం తరతరాలుగా కాగితంతో బొమ్మలు చేస్తోంది. వాళ్ల బొమ్మలు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం దాకా వెళ్లాయి. అయినా ఆ వృత్తికి మూలం మాత్రం ఒక్క పండగపూట బతికి బూడిదయ్యే బొమ్మే.

అది ఇస్కరియోతు యూదా బొమ్మ. ఏసును ముప్పై వెండి నాణేలకు పట్టిచ్చిన ఆ శిష్యుడికి, ఈస్టర్ ముందురోజు శనివారం మెక్సికోలో వీధివీధినా శిక్ష పడేది. స్పెయిన్ ఏలుబడిలో అక్కడికి చేరిన ఆచారమిది. కొమ్ములున్న ఎర్రటి దెయ్యంలా బొమ్మను చేసి, ఒంటినిండా టపాకాయలు కట్టి, వీధికి అడ్డంగా తాడు మీద వేలాడదీసి అంటించేవారు. గిట్టని రాజకీయ నాయకుడి ముఖమూ ఒక్కోసారి దానికి వచ్చేది. మన ఊళ్లలో నరకచతుర్దశికి నరకాసురుడి బొమ్మలో టపాకాయలు కూరి తగలబెట్టడం చూసినవారికి ఆ సంబరం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఈ పనిచేసే ఇళ్లకు ఏడాదంతా పండగలే పంచాంగం. కార్నివాల్‌కు ముఖాలకు తొడుక్కునే బొమ్మలు, ఈస్టర్‌కు యూదాలు, సెప్టెంబరులో స్వాతంత్ర్య దినానికి పిల్లల కత్తులు, టోపీలు, నవంబరు 1, 2 తేదీల్లో మృతుల పండక్కి పుర్రెలు, క్రిస్మస్‌కు ముందు పిల్లలు కళ్లకు గంతలు కట్టుకుని కర్రతో పగలగొట్టే పిన్యాటాలు. సరుకు చవక. పాత పేపర్లు, గోధుమపిండి ఉడికించిన జిగురు, రెల్లుబద్దలు, తీగ. చిన్న బొమ్మలకు అచ్చులుంటాయి. పెద్దవాటికి బద్దలతో చట్రం కట్టి, జిగురు పూసిన పేపరు ముక్కల్ని పొరమీద పొరగా అంటిస్తారు. ఎండాక తెల్లరంగు, దానిమీద అసలు రంగులు. ఎండడమే ఈ పనిలో కష్టం. లోపల తడి మిగిలితే బూజు పడుతుంది. అక్కడ వానలు అక్టోబరు దాకా పడతాయి, మృతుల పండగ పనేమో సరిగ్గా ఆ నెలల్లోనే ముమ్మరంగా ఉంటుంది.

ఈ ఇంట్లో 1906లో పుట్టాడు పేద్రో లినారెస్. 1936 ప్రాంతంలో, ముప్పై ఏళ్ల వయసులో, జబ్బుపడి ఒళ్లు తెలియని స్థితిలో ఉండగా కల వచ్చిందని ఆయనే చెప్పేవాడు. అడవిలో రాళ్లూ మబ్బులూ జంతువులైపోయాయట. గాడిదకు సీతాకోకచిలుక రెక్కలు, కోడిపుంజుకు ఎద్దు కొమ్ములు, సింహానికి గద్ద తల. అన్నీ కలిసి "ఆలెబ్రీహెస్" అని అరిచాయట. కోలుకున్నాక వాటిని కాగితంతో చేశాడు, ఆ పేరే పెట్టాడు.

ఆ కలను నేను నమ్ముతాను. కాకపోతే కల ఒక్కటే చాలదు. కొమ్ములు, కోరలు, రెక్కలు పేద్రో చేతులకు చిన్నప్పటి నుంచే అలవాటు. ఏటా ఈస్టర్‌కు దెయ్యాలు చేసి పండిన చేతులవి. కాకుంటే దెయ్యాన్ని మంటకోసం చేశారు, ఈ వింతజంతువును దాచుకోవడానికి చేశారు. నా దృష్టిలో ఈ చరిత్రంతటికీ మలుపు అక్కడే ఉంది. దాచుకునే బొమ్మ కాబట్టి ఒంటినిండా చుక్కలు, గీతలు, పొలుసులు ఓపిగ్గా దిద్దాల్సి వచ్చింది. నిమిషంలో పేలిపోయే యూదాకు అంత పనితనం ఎవరు పెడతారు?

దాచుకునేవాళ్లూ దొరికారు. చిత్రకారుడు దియేగో రివేరాకు యూదా బొమ్మలంటే ప్రాణం. మెక్సికో నగరంలో ఆయన పనిచేసిన ఇంట్లో మనిషి కన్నా ఎత్తైన కాగితపు బొమ్మలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. 1957లో నగరం నడిబొడ్డున మందుగుండు గోదాము పేలడంతో బాణసంచా మీద ఆంక్షలు బిగిశాయి, వీధుల్లో యూదా దహనాలు తగ్గిపోయాయి. కాల్చే బొమ్మలకు గిరాకీ పడిపోయిన ఆ కాలంలో దాచుకునే బొమ్మలు చెయ్యగల ఇల్లు నిలదొక్కుకుంది.

అస్థిపంజరాల్లోనూ వాళ్లది అందెవేసిన చెయ్యి. చిత్రాలు చెక్కి ముద్రించిన పొసాదా (1852-1913) కాగితం మీద ఆడించిన ఎముకలగూళ్లను లినారెస్ వారు నిలువెత్తు బొమ్మలుగా లేపారు. 1985 భూకంపం నగరాన్ని కూల్చేశాక, శిథిలాల్లో మనుషుల్ని వెతికే సహాయకులను అస్థిపంజరాలుగానే చేశారు. కళ్లముందు జరిగిన చావుల్ని పండగబొమ్మల్లో చెప్పడానికి ఎంత గుండెధైర్యం కావాలో!

పేద్రోకు 1990లో దేశపు జాతీయ పురస్కారం దక్కింది. 1992లో కన్నుమూశాడు. కొడుకులు, మనవలు పని అందుకున్నారు. 2007 నుంచి నగరంలోని జానపద కళల మ్యూజియం ఏటా పెద్దపెద్ద ఆలెబ్రీహెలను వీధుల్లో ఊరేగిస్తోంది.

ఇవాళ ఆ పేరుతో ఎక్కువగా అమ్ముడయ్యేవి వాహాకా రాష్ట్రపు చెక్కబొమ్మలు. అందమైనవే, కాని తర్వాత వచ్చినవి. మీ పిల్లలు 'కోకో' సినిమాలో ఆ రంగుల జంతువుల్ని చూసి మురిసిపోతే, వాటిని మొదట పాత పేపరుతో, పిండిజిగురుతో చేసిన ఇంటి పేరు లినారెస్ అని చెప్పండి.