సహోదరుల మధ్య సమాధానం: బైబిలు బోధ, గోదావరి డెల్టా సంఘాలు

తోబుట్టువుల మధ్య ద్రోహం, పశ్చాత్తాపం, సమాధానం బైబిలులో ఆదికాండం నుంచే కనిపిస్తాయి. కయీను తమ్ముణ్ణి పొలంలో చంపుతాడు. యాకోబు అన్న ఏశావుకు రావలసిన దీవెనను చూపు మందగించిన తండ్రి దగ్గర మోసంతో కాజేస్తాడు. యోసేపును అన్నలు 20 వెండి నాణేలకు వర్తకులకు అమ్మేస్తారు. వీటిని ఓర్పు గురించిన నీతికథలుగా చెప్పుకోవడం అలవాటైంది గాని, వరసగా చదివితే వాటి పట్టింపు వేరని తెలుస్తుంది. తప్పు చేసినవాడు ఏడ్చినంత మాత్రాన సమాధానం కుదరదు. తోబుట్టువు మీదికి తోసిన నష్టాన్ని తానే నెత్తిన వేసుకోవడానికి సిద్ధపడాలి. యోసేపు కథ ఇందుకు పెద్ద సాక్ష్యం. తమ్ముణ్ణి అమ్మేద్దామన్నది అన్నల్లో ఒకడైన యూదా. యోసేపు అధికారిగా ఉన్న ఐగుప్తులో, చిన్న తమ్ముడు బెన్యామీను సంచిలో వెండి గిన్నె దొరికినప్పుడు, అతని బదులు నేను దాసుడిగా ఉండిపోతానని ముందుకొచ్చిందీ ఆ యూదాయే. యోసేపు తానెవరో చెప్పుకున్నది ఆ తర్వాతే. గిన్నె పెట్టించింది యోసేపే కదా, ఇది పగ సాధించడం కాదా అని అడిగేవాళ్లున్నారు. పగే అయితే అంత అధికారం చేతిలో ఉన్నవాడికి ఇంత నాటకం అక్కర్లేదు. తండ్రికి ముద్దుల చిన్నకొడుకు, అతణ్ణి వదిలేసి ఇంటికి పోయే వీలు: పాత పరిస్థితినే అతను మళ్లీ కల్పించాడు. ఈసారి అన్నలు వదల్లేదు. అయినా వ్యవహారం అంతటితో తేలలేదు. తండ్రి యాకోబు ఐగుప్తులో 17 ఏళ్లు బతికి కన్నుమూశాక, ఇక యోసేపు కసి తీర్చుకుంటాడేమోనని వాళ్లు హడలిపోయి, అప్పుడు గాని క్షమించమని నోరు తెరిచి అడగలేదు.

ఏశావు ఏమీ పుచ్చుకోకుండానే పరుగెత్తుకొచ్చి తమ్ముణ్ణి కౌగిలించుకున్నాడు కదా, అక్కడ నష్టపరిహారం ఎక్కడుంది అని మరో ఆక్షేపణ ఉంది. నిజమే, ఏశావు మనసు ముందే కరిగింది. కానీ యాకోబు అంతకుముందే పిల్లలు కాక 550 పశువుల్ని మందలు మందలుగా అన్నకు పంపాడు, ఎదురుపడ్డాక ఏడుసార్లు సాగిలపడ్డాడు, అన్న వద్దంటున్నా పట్టుబట్టి ఇచ్చాడు. క్షమించడం ఏశావు ఒక్కడి చేతిలో పని. సమాధానానికి ఇద్దరూ కావాలి. ఆపైన కూడా ఒకరు శేయీరుకు, ఒకరు సుక్కోతుకు వెళ్లిపోయారు. సమాధానపడినవాళ్లు ఒకే కప్పు కింద కాపురముండి తీరాలని బైబిలు ఎక్కడా పట్టుబట్టలేదు. యేసు బోధలో ఈ సమాధానం ఆరాధనకే షరతయింది. మత్తయి సువార్త 5వ అధ్యాయం ప్రకారం, నీ మీద సహోదరుడికి ఏదైనా విరోధముంటే అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి ముందు అతని దగ్గరికి వెళ్లాలి. 18వ అధ్యాయంలో అన్యాయం జరిగినవాడే బయల్దేరి, మొదట ఒంటరిగా మాట్లాడాలి, ఆ తర్వాతే ఒకరిద్దర్ని, చివరికి సంఘాన్ని పిలవాలి. తగవు ముందు పెద్దమనుషుల దగ్గరికి వెళ్లి ఆ తర్వాత ఇంటికి వచ్చే మన పల్లెలకు ఈ వరస తిరగేసినట్టే ఉంటుంది.

గోదావరి డెల్టాలో ఈ షరతు వారం వారం ఎదురయ్యే ఆచారమైంది సహోదర (బ్రదరెన్) సంఘాల్లోనే. 1836లో మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ ఇంగ్లండు నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతుల్ని వెంటబెట్టుకొచ్చాడు. నరసాపురం, ఆ తర్వాత పాలకొల్లు వాళ్ల పనికి కేంద్రాలయ్యాయి. అభిషిక్త పాదిరి లేకుండా ప్రతి ఆదివారం రొట్టె విరిచే సంఘాలవి. అక్కడ ఒకే రొట్టె, ఒకే పాత్ర. పక్కవాడితో మాటల్లేకుండా ప్రభువు బల్లలో పాలుపొందడం అందరి కంటా పడుతుంది. ఈ ఉద్యమం తన మూల పాఠంలోనే తప్పిందన్నది మాత్రం దాచలేని సంగతి. గ్రోవ్స్ అదే 1836లో ఉద్యమంలో మరో నాయకుడైన జాన్ నెల్సన్ డార్బీకి ఉత్తరం రాస్తూ, క్రీస్తులో జీవం ఉండటాన్ని వదిలి జ్ఞానాన్ని కొలబద్దగా పెడితే సహవాసం ఇరుకైపోతుందని హెచ్చరించాడు. 1848లో అదే జరిగింది. డార్బీ వర్గం, గ్రోవ్స్ బావ జార్జ్ ముల్లర్ నడిపిన బ్రిస్టల్ బెతెస్దా సంఘంతో తెగతెంపులు చేసుకుంది. మరుసటి ఏడు డార్బీ, ముల్లర్ కలుసుకున్నా అతకలేదు. డెల్టా సంఘాలు ముల్లర్ వైపు ధోరణిలోనే నడిచాయి.

లూథరన్ల చరిత్ర మరో రకం. సి.ఎఫ్. హేయర్ 1842లో గుంటూరులో మొదలుపెట్టిన అమెరికన్ మిషనుకు, కొన్నేళ్లకు జర్మన్ల రాజమండ్రి మిషను తోడైంది. 1867లో అమెరికాలో లూథరన్లు విశ్వాస ప్రమాణాల దగ్గర జనరల్ సినడ్, జనరల్ కౌన్సిల్‌లుగా చీలిపోగా, ఆ చీలిక గోదావరి దాకా పాకింది: గుంటూరు జనరల్ సినడ్ వాటా, రాజమండ్రి జనరల్ కౌన్సిల్ వాటా. రాజమండ్రి మరో మిషను చేతికి పోకుండా 1869లో 76 ఏళ్ల హేయర్ మళ్లీ ఓడెక్కాడు. 1918లో అమెరికా సంఘాలు ఏకమయ్యాయి. 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. దీన్ని సమాధానం అనడం కంటే విలీనం అనడం న్యాయం. తగవూ తెలుగువాళ్లది కాదు, రాజీకి నాందీ వాళ్లది కాదు.

తెలుగువాళ్ల సొంత తగవు కులం. డెల్టా క్రైస్తవుల్లో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. రెండు పేటలకు రెండు ప్రార్థనా మందిరాలున్న ఊళ్లు ఉన్నాయి. ఇది సామాజిక సమస్య, పశ్చాత్తాపం వ్యక్తిగతం, రెండూ కలపకూడదు అంటారు కొందరు. ఈ వాదన బల్ల దగ్గరే వీగిపోతుంది. పాలుపొందే ముందు ఎవరిని వారు పరీక్షించుకోవాలన్న మాట కొరింథీయుల మొదటి పత్రిక 11వ అధ్యాయంలోది. కొరింథులో కలిగినవాళ్లు ముందే కడుపు నింపుకొని, లేనివాళ్లను ఆకలితో వదిలేస్తుంటే, మీరు తినేది ప్రభువు భోజనమే కాదని పౌలు తేల్చేసిన సందర్భమది. అంటే రహస్య పాపాల లెక్కకంటే ముందు ఆ పరీక్ష అడిగేది, పక్కవాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టావని. ఒనేసిము యజమాని ఫిలేమోనుకు రాసినప్పుడూ పౌలు ఇదే పట్టు పట్టాడు: ఒనేసిమును దాసుడిగా కాక సహోదరుడిగా చేర్చుకో, అతను ఏమైనా బాకీ ఉంటే నా లెక్కలో రాసుకో అన్నాడు. యూదా బెన్యామీను కోసం చేసిందీ అదే.