ఐ.పి. పెట్టుట

“ఫలానా షావుకారు ఐ.పి. పెట్టినాడట!” ఈ మాట చెవిని బడినంతనే అప్పిచ్చినవారి గుండెలు గుభేలుమనును. ఈ అక్షరములు మనవి కావు. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అను ఇంగ్లీషు మాటలకు పొడి అక్షరములు. కోర్టు కాగితములనుండి బజారునకును, బజారునుండి రచ్చబండకును వచ్చి తెలుగు క్రియతో జతకట్టినవి.

అంతకు ముందునుండియు మనకు దివాలా యను మాట కలదు. బాకీలు తీర్చలేని వర్తకుడు పట్టపగలే అంగడిలో దీపము వెలిగించెడివాడనియు, దానినుండి ఆ మాట పుట్టినదనియు పెద్దలు చెప్పుదురు.

1906 అక్టోబరు 22న మదరాసులో అర్బత్నాట్ కంపెనీ దివాలా తీసినది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలోనివే. సొమ్ము దాచుకొన్నవారు వేలమంది నష్టపోయిరి. కంపెనీ పెద్ద సర్ జార్జి అర్బత్నాట్‌కు 18 నెలల కఠిన శిక్ష పడినది.

ఐ.పి. యనిన మోసమే యని జనులు తలచుటలో వింత లేదు. కాని చట్టము చెప్పినది వేరు. జిల్లాలకు 1907లో ఒక చట్టము వచ్చినది. దాని స్థానమున 1920లో మరియొకటి వచ్చినది. 1920 నాటి చట్టమును బట్టి 500 రూపాయలకు తగ్గని అప్పులుండి తీర్చలేనివాడు పిటిషను పెట్టవచ్చును. తన ఆస్తిని, అప్పులవారిని దాచక చూపవలెను. రిసీవరు ఆస్తి నమ్మి, వచ్చిన సొమ్మును అప్పులవారికి వంతులవారీగా పంచును. అంతకు ముందు రెండేండ్లలో ప్రతిఫలము లేక బావమరిది పేర వ్రాసిన పొలము దస్తావేజును కోర్టు రద్దు చేయవచ్చును. నిజాయితీపరుడు తుదకు ఋణవిముక్తుడగును.

2016లో కొత్త కోడు వచ్చినను, మన నోట పాత మాటయే నిలిచినది, నిందయు నిలిచినది. “ఐ.పి. పెట్టి ఎగ్గొట్టినా”డని పంట పోయిన రైతును, సరకు మునిగిన వర్తకుని కూడ ఒకే గాటకట్టుచున్నాము. ఆ నిందకు వెరచి ఒకడు మరింత వడ్డీకి అప్పు చేయును. ఇంకొకడు రాత్రికి రాత్రి ఊరు విడుచును. అప్పుడు అప్పిచ్చినవారికి దక్కవలసిన వంతు కూడ దక్కదు.

కనుక ఇకమీద ఆ మాట విన్నప్పుడు మనము ఒక్క ప్రశ్న వేసికొందము: అతడు లెక్క చూపినాడా, దాచినాడా? దాచినవానిని నిందింతము. చూపినవానికి మరల అంగడి తెరచుకొను అవకాశమిత్తము.