జాన్సన్‌కు కర్ర ఎందుకు?

లండన్‌లో పుస్తకాల వ్యాపారి టామ్ డేవిస్ ఇంట్లో భోజనం చేస్తూ, ఓక్ కర్ర ఒకటి ఎంతుంటుందని అడిగాడు శామ్యూల్ జాన్సన్. ఆరు పెన్నీలన్నాడు డేవిస్. అయితే మీ పనివాణ్ని పంపి షిల్లింగు కర్ర తెప్పించండి, నాకు రెట్టింపు కావాలన్నాడు జాన్సన్. అసలు సంగతేమిటంటే, శామ్యూల్ ఫుట్ అనే నటుడు బతికున్న పెద్దమనుషుల మాటా నడకా స్టేజీ మీద అచ్చంగా దింపేయడంలో దిట్ట. తనను కూడా ‘టేక్ ఆఫ్’ చేయబోతున్నాడని జాన్సన్ చెవిన పడింది. కర్ర ముచ్చట డేవిస్ చేరవేయగానే ఫుట్ ఆ సరదా మానుకున్నాడు. డేవిస్ నోట విన్న ఈ కథను బాస్వెల్ తాను రాసిన జాన్సన్ జీవిత చరిత్రలో 1791లో అచ్చు వేయించాడు.

జాన్సన్ నిఘంటువు వెలువడింది 1755లో. అందులో ‘టేక్’ క్రియ ఒక్కదానికే 134 అర్థాలు, ఐదు పేజీలు. ‘టేక్ ఆఫ్’ కింద నకలు చేయడం ఉంది. గ్లాసెత్తి గుటకేయడమూ ఉంది, సరుకు కొనడమూ ఉంది! క్రియకు పక్కన చిన్న ముక్క తగిలించి అర్థం మార్చేసే ఈ పద్ధతే విదేశీయులకు ఇంగ్లిష్‌లో అన్నిటికన్నా కష్టమని ఆయన ముందుమాటలోనే చెప్పాడు. దీనికి ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరు పుస్తకానికెక్కింది మాత్రం 1925లో, లోగన్ పియర్సల్ స్మిత్ చేతిమీదుగా. ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ. అంటే 170 ఏళ్లు పేరైనా లేకుండా జనాన్ని ఏడిపించిందన్నమాట.

‘ఆఫ్’ దగ్గర పట్టుకుంటే కొంత దారి దొరుకుతుంది. ఉన్నచోటు విడవడం. ఒంటి మీది చొక్కా, ధరలో తగ్గించే పది రూపాయలు, ఆఫీసుకు ఎగ్గొట్టే రోజు అన్నీ అందులోకే వస్తాయి. ‘మాక్‌బెత్’లో రాజు హత్యకు షేక్‌స్పియర్ వాడిందీ ఈ మాటే. మనిషి నుంచి పోలికను ఊడదీసుకోవడం అనుకుంటే ఫుట్ మిమిక్రీ కూడా ఇందులో ఇమిడిపోతుంది. దూకేటప్పుడు కాలు నేలను విడిచే చోటును 19వ శతాబ్దిలో అలాగే అన్నారు. 1903 డిసెంబరు 17న కిట్టీ హాక్‌లో రైట్ సోదరుల విమానం 12 సెకన్లు ఎగిరింది. ఆ తర్వాత దూకుడుకున్న మాట ఎగురుడుకు అంటుకుంది. 1956లో రోస్టో అనే ఆర్థికవేత్త దాన్ని దేశాల అభివృద్ధికీ తగిలించాడు.

మనం నవ్వడానికేం లేదు. ఫొటో తీస్తాం, కునుకు తీస్తాం, పరువు తీస్తాం, ప్రాణమూ తీస్తాం. ‘తీసుకో’కీ ‘తీసెయ్’కీ ‘తీసిపారెయ్’కీ తేడా ఏమిటో కొత్తవాడికి ఒక్క పూటలో చెప్పి చూడండి.

1930లో సి.కె. ఆగ్డెన్ విదేశీయుల కోసమని 850 మాటలతో ‘బేసిక్ ఇంగ్లిష్’ తయారుచేశాడు. 1943లో హార్వర్డ్‌లో చర్చిల్ దాన్ని మెచ్చుకున్నాడు కూడా. అందులో క్రియలు 18 మాత్రమే. ‘రిమూవ్’, ‘ఇమిటేట్’ లాంటి క్రియలకు చోటు లేదు. ‘టేక్’ ఉంది, ‘ఆఫ్’ ఉంది. ఏది కష్టమని జాన్సన్ ముందే చెప్పాడో, తేలిక చేస్తున్నానంటూ ఆగ్డెన్ దాన్నే తెచ్చి వాళ్ల నెత్తిన పెట్టాడు.