బూరుగు కర్ర భుజకీర్తులు: కృష్ణా డెల్టాలో నాటక నగల సంరక్షణ

కృష్ణా డెల్టా వీధి నాటకాల్లో, కూచిపూడి భాగవత మేళాల్లో రాజు తలమీది కిరీటం, భుజాల మీది భుజకీర్తులు, మెడలోని కంఠసరి, నడుముకు కట్టిన వడ్డాణం చాలాకాలం కర్రతో చేసినవే. ఇందుకు ఎక్కువగా వాడింది బూరుగు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి కూడా ఇలాంటి పనికే పుట్టినంత తేలిక. రాత్రి పొద్దుపోయాక మొదలై తెల్లవారేదాకా సాగే ఆటలో హిరణ్యకశిపుడు గంతులు వేయాలి, గదలు తిప్పాలి, పద్యం ఎత్తుకుని గుక్క తిప్పుకోకుండా పాడాలి. అన్ని గంటలు తలమీద లోహపు కిరీటం మోయడం ఎవరికైనా కష్టమే. కర్ర నగ పుట్టుకకు పేదరికమే కారణమనడం సగం నిజం. బరువు అంతకంటే పెద్ద కారణం. కేరళ కథకళిలో కుమిళ కర్ర కిరీటాలు, కన్నడ యక్షగానంలో అద్దాలు పొదిగిన తేలిక కర్ర నగలు కూడా ఈ అవసరం నుంచే వచ్చాయి.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం ఈ నగలు బాగా తిరిగిన నేల. రేపల్లెకు ఎదురుగా కృష్ణ దాటితే దివిసీమ, దానికి ఎగువన కూచిపూడి. 1855లో విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు వచ్చాయి, మాగాణి పెరిగింది, పంట ఇంటికి చేరాక ఆటలకు తీరికా డబ్బూ దొరికాయి. కాలువల మీద పడవలు నడిచాయి. తర్వాత తెనాలి, బాపట్లల మీదుగా మద్రాసు రైలుమార్గం వచ్చింది. 1916లో తెనాలి నుంచి రేపల్లెకు మరో మార్గం వేశారు. మేళం పెట్టెలు పడవలో, బండిలో, రైల్లో ఊరూరా తిరిగేవి. దారి పొడవునా కుదుపులు, పైన సముద్రపు గాలి, కింద కాలువ చెమ్మ. కర్ర నగకు ఇంతకంటే పరీక్ష పెట్టే ప్రాంతం తెలుగునాట తక్కువ.

సంరక్షణ నగ తయారీతోనే మొదలయ్యేది. బూరుగు మెత్తని కర్ర. ఉలికి సులువుగా లొంగుతుంది, పురుగుకు అంతకంటే సులువుగా లొంగుతుంది. పచ్చికర్రలోని పిండిపదార్థమే పురుగుకు తిండి. నరికిన దుంగను కొంతకాలం నీటిలో నానేస్తే ఆ పదార్థం కొంతవరకు కరిగిపోతుంది. ఆపైన నీడలో నిదానంగా ఆరబెట్టాలి. ఎండలో ఆరబెడితే పైభాగం ముందే బిగుసుకుని పగుళ్లిస్తుంది. చెక్కిన ముక్క మీద సందులు పూడ్చడానికి మక్కు పెట్టేవారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి చేసే ఈ ముద్ద కొండపల్లి పనివారికి నేటికీ తెలుసు. దాని మీద సుద్ద పూత, ఆ పైన బంగారు రంగు రేకు, కాకి బంగారం, మధ్యమధ్య చిన్న అద్దపు ముక్కలు. కాగడా వెలుగు నిలకడగా ఉండదు. ఆ కదిలే మంటకు అద్దపు ముక్కలు తళుక్కుమంటే దూరాన చాపల మీద కూర్చున్నవారికి అసలు రత్నాలకూ వాటికీ తేడా తెలిసేది కాదు.

ఇన్ని పొరలు ఉండటమే ఈ నగ బలహీనత కూడా. చెమ్మ తగిలితే కర్ర అడ్డంగా ఉబ్బుతుంది, నిలువుగా దాదాపు ఉబ్బదు. సుద్ద పూత ఎటూ సాగదు. వర్షాకాలం వచ్చి పోయేసరికి కర్ర ఒకసారి ఉబ్బి మళ్లీ కుంచించుకుంటుంది. పైపూతలో వెంట్రుకలాంటి చీలికలు పడతాయి. వాటి అంచున రేకు లేస్తుంది. వడ్రంగులు వజ్రం అని పిలిచే చర్మపు జిగురుతో అతికిన ముక్కలు చెమ్మకు మెత్తబడి ఊడతాయి. చింతగింజల జిగురైతే బూజు పడుతుంది. పుస్తకాలకు అట్టలు కట్టేవారు జిగురు పాడవకుండా మైలుతుత్తం కలిపేవారు. ఒంటికి తగిలే నగలకు ఆ విషం అంత మంచి ఉపాయం కాదు.

చెమ్మ తర్వాతి శత్రువు నటుడి చెమట. వేసవి రాత్రి కాగడాల వేడిలో ముఖానికి పూసిన అరదళం, సఫేదా చెమటతో కలిసి జారి కంఠసరి వెనకవైపు చేరేవి. ఉప్పుచెమ్మ పీల్చిన కర్ర త్వరగా ఆరదు. అందుకే నగ లోపలివైపు, అంటే ఒంటికి ఆనే వైపు, గుడ్డ అతికించేవారు. గుడ్డ చెమటను పట్టి కర్రను కాపాడుతుంది. పాడైతే పీకి కొత్తది అతికించవచ్చు. భుజకీర్తులను బిగించే తాళ్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. తాడు తెగితే మార్చవచ్చు, కర్రకు వేసిన బెజ్జం విరిగితే ముక్కే పోతుంది. చూసేవారికి కనిపించని ఈ వెనకవైపు పని చాలా నగల ఆయుష్షును నిర్ణయించింది.

పొగ మూడోది. దేవతలో రాక్షసులో ప్రవేశించే వేళ కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే మంట భగ్గున లేచేది. దృశ్యానికి ఎంత అందమో నగకు అంత చేటు. జిడ్డుమసి రేకు మీద పేరుకుని పసిమి నల్లబడేది. లోహపు నగనైతే చింతపండుతో తోమి మెరుగు తెస్తారు. కర్ర నగకు నీళ్లే పనికిరావు. తడిగుడ్డ నాలుగుసార్లు తగిలితే రేకు కింది సుద్ద కరుగుతుంది. మెత్తని పొడిగుడ్డతోనో నెమలీకతోనో దులపడమే దారి. అలా పోని మసిని వదిలేయాలి, లేదా ఆ భాగానికి కొత్త రేకు అతకాలి. ఆటల కాలమంతా వాడిన నగకు రేకు మార్చక తప్పదు. ఆ లెక్కన కర్ర కిరీటం ఏనాడూ పూర్తయిన వస్తువు కాదు. లోపలి కర్ర పాతది, మీది రేకు ఏటేటా కొత్తది.

కోతలయ్యాక మొదలైన ఆటలు వేసవి చివరిదాకా సాగి తొలకరితో ఆగేవి. నగ పాడయ్యేది ఎక్కువగా వాడకంలో లేని ఆ వానాకాలంలోనే. పెట్టెలో దొంతరగా పేర్చి మూతవేస్తే లోపల చెమ్మ నిలుస్తుంది, బూజు, పుచ్చు రెండూ పడతాయి. పుచ్చును ముందే పట్టించే గుర్తు ఒకటుంది: పెట్టె అడుగున సన్నని పిండిలాంటి పొడి, కర్రకు గుండుసూది మోపినంత బెజ్జాలు. తెలుగు ఇళ్లలో పట్టుబట్టలకూ ధాన్యానికీ వాడే వేపాకు, కర్పూరం, తర్వాతి రోజుల్లో కలరా ఉండలు పురుగును దూరంగా ఉంచడానికి కొంత పనికొస్తాయి. అప్పటికే కర్రలో చేరిన పురుగును అవి చంపలేవు. వాన తెరిపి ఇచ్చినప్పుడు పెట్టె తెరిచి గాలి తగలనివ్వడం ఈ మందులన్నిటికంటే మేలైన వైద్యం.

ఇరవయ్యో శతాబ్దంలో తెనాలి పద్యనాటకానికి పెద్ద కేంద్రమైంది. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో ఇక్కడే ఏర్పడింది. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి శ్రీరామ విలాస సభలో స్త్రీ పాత్రలు ధరించి పేరు తెచ్చుకుని, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. శ్రీకృష్ణ తులాభారంలో ఆయన సత్యభామ. నగలన్నీ తెచ్చి త్రాసులో పోసినా తులసిదళానికి సరితూగవని చెప్పే ఆ కథను రంగం మీద బరువులేని నగలతో ఆడటంలోని చమత్కారం వేరే చెప్పనక్కర్లేదు.

తెరలు, రంగాలంకరణ, పెట్రోమాక్సు లైట్లు, ఆపైన కరెంటు దీపాలు వచ్చాక కర్ర నగకు గడ్డుకాలం మొదలైంది. నిలకడైన తెల్లని వెలుగులో రేకు అతుకులు బయటపడతాయి; కాగడా దాచిన లోపాలను బల్బు దాచదు. పక్కనే మచిలీపట్నం చిలకలపూడిలో బంగారు పూత నగల పరిశ్రమ ఎదిగింది. తేలికైన, తుడిస్తే శుభ్రమయ్యే గిల్టు నగ చవకగా దొరికాక బూరుగు చెక్కించుకునేవారు తగ్గారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించే నాటికి కూచిపూడి నృత్యం నగర వేదికలకు ఎక్కింది. భరతనాట్యంలో వాడే ఎర్రరాళ్ల టెంపుల్ నగలే కూచిపూడి నర్తకి ఒంటిమీదికీ వచ్చాయి. కర్ర పని పౌరాణిక నాటకాల కిరీటాల్లో, గదల్లో కొంత మిగిలింది. అక్కడా తర్వాత అట్ట, ఫైబరు చేరాయి.

కర్ర నగలన్నిటికీ ఒకే సంరక్షణ పనికిరాదు. డెల్టా ఇళ్లలో పెద్దలు మెడలో వేసుకునే తులసి పూసల దండకు పైపూత ఉండదు. సబ్బు నీళ్లు దాన్ని ఎండబెట్టి బీటలు తెస్తాయి, అప్పుడప్పుడు అద్దే చుక్క నూనె మేలు చేస్తుంది. అదే నూనె రేకు నగకు తగిలితే దుమ్మును పట్టి ఉంచి రేకును ఊడదీస్తుంది. విశాఖ వైపు ఏటికొప్పాకలో అంకుడు కర్రను లక్కతో మెరిపించి చేసే గాజులది ఇంకో దారి. లక్క వేడికి మెత్తబడుతుంది, స్పిరిటుకు కరుగుతుంది. ఎండలో వదలకూడదు, వాటి మీద సెంటు చల్లకూడదు.

అటకల మీద మిగిలిన పాత కిరీటాలకు ఇప్పుడు ఎక్కువ హాని చేసేది రిపేరు ఉత్సాహమే. బంగారు రంగు ఎనామిల్ పూస్తే ఒక్క పూటలో కొత్తదిలా కనిపిస్తుంది, పాత రేకూ సుద్దా పనివాడి చేతి గుర్తులూ శాశ్వతంగా కప్పబడతాయి. అటువంటి వస్తువును వంట పొగకూ తడిగోడకూ దూరంగా, పాలిథీన్ సంచిలో కాకుండా ఉతికిన నూలుగుడ్డలో ఉంచాలి. పుచ్చు పట్టి ఉంటే గాలి చొరబడకుండా చుట్టి, సున్నాకు 20 డిగ్రీల దిగువన ఒకటి రెండు వారాలు గడ్డకట్టించే పద్ధతిని మ్యూజియాలు వాడతాయి. అద్దపు ముక్కలు, సుద్ద పొర ఉన్న నగను అలా శీతలానికి గురిచేసే ముందు సంరక్షణ నిపుణుడికి చూపించాలి. ఊడిన రేకు ముక్కలను మాత్రం పారేయకుండా ఒక కవరులో వేసి నగతోపాటే దాచాలి.